పశువుల తొట్టి దగ్గర ఆగిపోయే కథ

బాలసాహిత్యం గురించి మన సభల్లో ఉపన్యాసాలకు కొదవ లేదు. చందమామ మీద, రేడియో అన్నయ్య మీద, మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు పంపిన బొమ్మల పుస్తకాల మీద మనవాళ్ళు చాలానే రాశారు. అయితే ఊరి చివర వాడల్లో, పాళేల్లో డిసెంబరు నెల పొడుగునా పిల్లల చేతుల్లో తిరిగే ఒక రకం పుస్తకాన్ని మాత్రం మన విమర్శకులు సాహిత్యంగా లెక్కవేయలేదు. క్రిస్మసుకు ముందు వచ్చే నాలుగు వారాలను క్రైస్తవులు ఆగమన కాలం అంటారు. ఆ రోజుల్లో క్రీస్తు పుట్టుక కథను ఇరవైనాలుగో ఇరవైఅయిదో భాగాలుగా చేసి, రోజుకొక భాగం చొప్పున ఇంటిల్లిపాదీ కూర్చొని చదువుకోవడానికి రాసినవే ఆ పుస్తకాలు. కొన్ని నేరుగా ఇంగ్లీషువి, కొన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేసినవి, కొన్ని ఆదివారపు బడి ఉపాధ్యాయులు తమ అవసరం కోసం అల్లుకున్నవి. మతప్రచార సాహిత్యమని పక్కన పెడితే పని తీరిపోతుంది. కాని కొన్ని వేలమంది పిల్లలు కథ అనేదాన్ని వరుసగా, రోజూ, పెద్దల సమక్షంలో చదవడం నేర్చుకొనేది ఈ పుస్తకాలతోనే అయినప్పుడు, ఆ కథ ఎట్లా చెప్పబడుతున్నదో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నదో చూడవలసిన బాధ్యత రచయితలకు ఉంది. నెల్లూరు తీరాన్ని దృష్టిలో పెట్టుకొని ఆ పని కొంత చేద్దాం.

ముందు చరిత్ర. ఆగమన కాలాన్ని రోజులు లెక్కపెట్టుకొనే పండుగగా మార్చింది మఠాలు కాదు, పేద పిల్లల వసతి గృహం. జర్మనీలోని హాంబర్గులో యోహాన్ హిన్రిఖ్ విఖెర్న్ అనే పాస్టరు 1833లో దిక్కులేని పిల్లల కోసం ఒక గృహం పెట్టాడు. క్రిస్మసు ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే 1839లో ఒక బండిచక్రం మీద చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు పెద్ద తెల్ల కొవ్వొత్తులు నిలిపి, రోజుకొకటి వెలిగిస్తూ వచ్చాడు. ఆ చక్రం తరువాత పచ్చని ఆకుల దండ అయింది. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో మ్యూనిక్‌లో అచ్చయిన కిటికీల క్యాలెండరు అయింది. ఆపైన చాక్లెట్ల పెట్టె అయింది. ఆకలి పిల్లల కోసం పుట్టిన వస్తువు అంగడి సరుకుగా మారడానికి వందేళ్ళు పట్టలేదు. రోజుకొక భాగం కథల పుస్తకం ఆ వరుసలో తరువాత వచ్చింది.

నెల్లూరు తీరానికి ఈ అలవాటు అన్ని దారులా రాలేదు. నెల్లూరులో 1840లో పని మొదలుపెట్టిన అమెరికన్ బాప్తిస్టులు ఇట్లాంటి కాలనియమాలను పెద్దగా పాటించే శాఖ కాదు. ఇదే తీరంలో 1872లో రామాపట్నంలో మొదలైన వేదాంత పాఠశాలదీ ఆ శాఖే. 1865లో అప్పటి నెల్లూరు జిల్లా దక్షిణభాగంలో సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలకు వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషను జర్మన్ లూథరన్లది; వారికీ కతోలికులకూ ఆగమన కాలం ఉంది. ఈనాడు ఆ గీతలు చెరిగిపోయాయి. బాప్తిస్టుల ఇళ్లలోనూ నక్షత్రం వేలాడుతుంది, డిసెంబరు ఒకటి నుంచి లెక్క మొదలవుతుంది. పైగా తెలుగు క్రైస్తవ గృహాల్లో తారీకు ప్రకారం రోజుకొక పుట చదివే అలవాటు ఏనాటి నుంచో ఉంది. ‘ఎడారిలో సెలయేర్లు’ లేని క్రైస్తవ గృహం అరుదు. పెద్దలకు ఏడాది పొడుగునా ఉన్న ఆ అలవాటే పిల్లలకు ఒక నెలపాటు కథారూపంలో అందుతున్నది.

అయితే ఈ తీరంలో ఈ కథను మొట్టమొదట విన్నవాళ్ళు దాన్ని పడకవేళ కథగా వినలేదు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగాన్ని కంట్రాక్టుకు తీసుకొని, ఎక్కువగా మాదిగలకు అక్కడ కూలిపని కల్పించాడు. స్థానిక బోధకులే మేస్త్రీలు. మట్టి తవ్వి, తట్టలు మోసి, అలసట తీర్చుకొనే వేళ ఆ బోధకులు చెప్పిన కథ ఇది. కరువు తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి కోసం వచ్చారని ఆనాడే ఎత్తిపొడిచినవాళ్ళు ఉన్నారు. ఆ వాదం ఇక్కడ అప్రస్తుతం. మనం గమనించవలసింది శ్రోత ఎవరన్నది. పన్ను కట్టలేక, పని దొరక్క, ఊరు విడిచి కాలువగట్టు మీదికి వచ్చిన కుటుంబం; ప్రభుత్వపు ఆజ్ఞ మీద నిండుచూలాలితో ఊరు విడిచి బయల్దేరిన మరొక కుటుంబపు కథ వింటున్నది. వినేవాడికీ కథకూ నడుమ దూరం లేదు. ఆ దూరం ఎప్పుడు, ఎట్లా ఏర్పడిందన్నదే మన ప్రశ్న.

ఈ పుస్తకాల నిర్మాణంలోనే మొదటి చిక్కు ఉంది. తండ్రో తల్లో చదువుతారు, పిల్లలు వింటారు అని ఇవి ముందే నిర్ణయించుకుంటాయి. ‘ఈ రోజు మీ పిల్లలను ఈ ప్రశ్న అడగండి’ అని భాగం చివర పెద్దలకు ఒక సూచన కూడా ఉంటుంది. తీరంలో చాలా ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. పెన్నా ఆయకట్టులో డిసెంబరు నాట్ల కాలం. తల్లి పొద్దున పోయి, నడుము విరిగి, మాపటికి వస్తుంది. తండ్రి రొయ్యల గుంట కాపలాకు పోతాడు, లేదా రేవులో లారీ దగ్గర ఉంటాడు. అవ్వకు అక్షరం రాదు. చదివేది ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదివే పిల్ల. ఆ ఇంట్లో మొదటి పాఠకురాలు ఆమే. పుస్తకమేమో ఆ పిల్లను శ్రోతగా, ప్రశ్నలు అడిగించుకోవలసిన దానిగా భావిస్తుంది. పిల్ల చదివి అవ్వకు వినిపించేటట్టు, అవ్వ మధ్యలో అడ్డుపడి తన మాట చెప్పేటట్టు రాసిన పుస్తకం నా కంటికి ఇంతవరకు కనిపించలేదు. ఇది చిన్న లోపం కాదు. శ్రోత ఎవరో తెలియని కథకుడికి గొంతు కుదరదు.

రెండోది ఉత్కంఠ. సీరియల్ నవల చదివిన మనకందరికీ ‘సశేషం’ అన్న మాట మహిమ తెలుసు. అమెరికన్ రచయిత ఆర్నాల్డ్ యిట్రీడి 1997లో వెలువరించిన ‘జోతామ్స్ జర్నీ’ ఈ రకం పుస్తకాల్లో బాగా చెలామణి అయినది. ఇంటివాళ్ళ నుంచి విడిపోయిన జోతాము అనే పదేళ్ల గొర్రెల కాపరి పిల్లవాడు, రోజుకొక ఆపదలో పడుతూ, బయటపడుతూ బేత్లెహేము చేరతాడు. తరువాత అదే రచయిత బర్తొలొమయి, తబిత అనే పిల్లల పేర్లతో మరికొన్ని రాశాడు. పిల్లలు ఆసక్తిగా చదువుతారు, నిజమే. కాని రేపేమవుతుందో అన్న ఆత్రంతో నడిపించడమంటే, అసలు కథ మీద నమ్మకం లేక దానికి పక్కకథ ఊతకర్ర ఇవ్వడమే. క్రీస్తు పుట్టుక కథ చివర ఏమవుతుందో ప్రతి పిల్లకూ తెలుసు. తెలిసిన కథ కోసం నెల రోజులు ఎదురుచూడటంలో ఉండే రుచి వేరు.

ఆ రుచి మన తెలుగు వాళ్లకు కొత్తది కాదు. సరిగ్గా ఇదే రోజుల్లో, డిసెంబరు నడుమ, ధనుర్మాసం మొదలవుతుంది. రోజుకొక పాశురం చొప్పున ముప్పయి రోజులు తిరుప్పావై చదువుతారు. రేపటి పాశురంలో ఏముందో అని ఎవరూ గుండె చిక్కబట్టుకోరు. హరికథ వినేవాడికి సీత దొరుకుతుందని తెలుసు. బుర్రకథలో వీరుడు ఏమవుతాడో ముందే తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. ఎందుకంటే అక్కడ కథకుడొక్కడే లేడు. ఒక పక్క రాజకీయం చెప్పేవాడు, మరో పక్క హాస్యం చెప్పేవాడు, ఇద్దరూ కథను ఆపి ప్రశ్నిస్తారు, నేటి ఊరిలోకి లాక్కొస్తారు. నాజర్ చేతిలో ఆ ప్రక్రియ ఎంత పదునెక్కిందో ప్రజానాట్యమండలి చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు. క్రైస్తవులు కూడా బుర్రకథను, కోలాటాన్ని వాడుకున్నవాళ్ళే. వేదిక మీద ఇంత వైభవం ఉన్నవాళ్ళు పిల్లల పుస్తకానికి వచ్చేసరికి కొలరాడో నుంచో షికాగో నుంచో వచ్చిన మూసలో కూర్చోవడం విచిత్రం.

విదేశీ పుస్తకాలన్నీ ఒక్కటే అని నా అభిప్రాయం కాదు. నార్వే రచయిత యోస్టెయిన్ గార్డెర్ 1992లో రాసిన ఆగమన కాలపు నవల ఉంది, ఇరవైనాలుగు అధ్యాయాలు. ఒక పాత క్యాలెండరు కిటికీల్లోంచి రోజుకొక చీటీ రాలుతుంది. ఆ చీటీల్లో ఎలిసబెత్ అనే పిల్ల ఒక గొర్రెపిల్ల వెంట పరుగెత్తుతూ నార్వే నుంచి బయలుదేరి, యూరపు అంతా దాటి, రెండువేల ఏళ్లు వెనక్కి నడిచి బేత్లెహేము చేరుతుంది. రచయిత తాత్విక ధోరణితో మనకు పేచీ ఉండవచ్చు. కాని అతడు చేసిన ఒక పని చూడండి. ప్రయాణాన్ని తన ఊరి అంగడి నుంచి మొదలుపెట్టాడు. తన దేశపు చరిత్ర, తన ఖండపు చరిత్ర ఆ దారిలోకి వచ్చేశాయి. మైపాడు నుంచో జువ్వలదిన్నె నుంచో ఒక పిల్ల బయలుదేరితే ఆ దారిలో ఏమేమి తగలాలి? బకింగ్‌హాం కాలువ తగలాలి, కరువు తగలాలి, శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కోసం చోటు వదిలిన యానాదుల గుడిసెలు తగలాలి. అనువాదకుడు నార్వే వాడి మంచును తెచ్చుకున్నాడు గాని నార్వే వాడి ధైర్యాన్ని తెచ్చుకోలేదు.

మంచు అన్నాను గనుక ఒక మాట. తెలుగులో ఈ ఒక్క పదమే తెల్లవారుజామున గడ్డి మీద పడేదానికీ, హిమాలయాల్లో పేరుకొనేదానికీ చెల్లుతుంది. అందుచేత ‘మంచు కురుస్తున్న రాత్రి’ అని చదివితే తీరపు పిల్ల తన ఊరి మార్గశిరపు మంచునే ఊహించుకుంటుంది. అనువాదం తప్పినా పిల్ల ఊహ దాన్ని సరిచేస్తుంది. పక్కన ఉన్న బొమ్మ ఆ ఊహను చెడగొడుతుంది. మోకాలి లోతు తెల్లదనం, పొగ గొట్టాల ఇళ్లు, ఉన్ని గుట్టలాంటి గొర్రెలు! నెల్లూరు గొర్రె దేశంలోనే ఎత్తయిన జాతి. దాని ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుక ఉంటుంది. జొడిపి, పల్ల, బ్రౌన్ అని దానిలో రకాలు ఈ జిల్లా పిల్లలకు చూడగానే తెలుసు. గొర్రెల కాపరులే కథలో మొదటి సాక్షులైనప్పుడు, గొర్రెల్ని ఇంత బాగా ఎరిగిన పిల్లలకు గొర్రె బొమ్మే పరాయిదిగా ఇవ్వడంలో అర్థమేమిటి? పాలస్తీనా గొర్రె కూడా ఆ బొమ్మలోది కాదు. బేత్లెహేముకూ అన్యాయమే, బుచ్చిరెడ్డిపాళేనికీ అన్యాయమే.

బొమ్మల కంటె మాటల దగ్గర నష్టం ఎక్కువ. ‘సత్రం’ అన్న ఒక్క మాట తీసుకుందాం. లూకా సువార్తలో బిడ్డను తొట్టిలో పడుకోబెట్టడానికి కారణం సత్రంలో చోటు లేకపోవడం. తెలుగు బైబిలు వాడిన మాట సత్రమే. పిల్లల పుస్తకాల్లో ఇది ఒక్కోసారి హోటలు అవుతుంది, ఒక్కోసారి లాడ్జి అవుతుంది. సత్రం యజమాని ఒకడు లాంతరు పట్టుకొని తలుపు తీసి, చోటు లేదని చెప్పి, జాలిపడి కొట్టం చూపిస్తాడు. క్రిస్మసు నాటకంలో కూడా అతనిది మంచి పాత్ర. గట్టి గొంతు ఉన్న పిల్లవాడికి ఇస్తారు. అసలు సువార్తలో ఆ యజమాని లేడు. మరియ ఎక్కిన గాడిద కూడా లేదు. ఇవన్నీ తరవాతి కథకులు కల్పించుకున్నవి. కల్పన తప్పుకాదు. ఈ కల్పన ఏ పని చేస్తున్నది అన్నది ప్రశ్న. చోటు లేకపోవడాన్ని అది రద్దీగా మార్చింది. పండుగ రోజుల్లో బస్సులో సీటు దొరకనట్టు! ఎవరి తప్పూ లేదు, యజమాని మంచివాడే.

తెలుగునాట సత్రం అన్న మాటకు ఒక చరిత్ర ఉంది. దానధర్మాలతో కట్టిన సత్రాల్లో ఎవరికి అన్నం, ఎవరికి అరుగు, ఎవరికి గడప దాటే హక్కు అన్నది కులాన్ని బట్టి నడిచింది. గదులు ఖాళీగా ఉన్నా చోటు లేని వాళ్ళు ఈ దేశంలో ఉన్నారు. కాలువగట్టు మీద ఈ కథ విన్న మాదిగవాడికి సత్రంలో చోటు లేదనగానే టీక తాత్పర్యం అవసరం లేకపోయింది. నూటయాభై ఏళ్ల తరువాత అతని మునిమనవరాలికి ఇచ్చిన పుస్తకంలో ఆ వాక్యం లాడ్జి నిండిపోయిన వార్త అయింది.

ఇంకొక సంగతి. లూకా వాడిన గ్రీకు మాటకు పూటకూళ్ల ఇల్లు అనే అర్థం కంటె అతిథులకిచ్చే గది అనే అర్థమే దగ్గరని చాలామంది పండితులు అంటున్నారు. మంచి సమరయుని కథలో పూటకూళ్ల ఇంటికి లూకా వేరే మాట వాడాడు. ఈ మాటనే చివరి భోజనం దగ్గర మళ్ళీ వాడాడు. అక్కడ తెలుగు బైబిలు దాన్ని ‘విడిది గది’ అన్నది. విడిది! ఎంత మంచి తెలుగు మాట. పెళ్లివారికి ఊళ్లో ఇచ్చే ఇల్లు. ఆ అర్థంలో చదివితే కథ మారిపోతుంది. యోసేపు పోయింది తన వంశస్థుల ఊరికి. అయినవాళ్ళ విడిదిలో చోటు లేక బిడ్డ పశువుల దగ్గరకు పోయాడు. సత్రమన్నా విడిదన్నా పిల్లలకు చెప్పవలసిన కథ ఉంది. ఏదో ఒకటి ఎంచుకొని దాని బరువు మొయ్యాలి. హోటలు అంటే ఆ రెండు కథలూ పోతాయి.

సంభాషణల సంగతి వేరే చెప్పాలా? ‘ప్రియమైన మరియా, నీవు మిక్కిలి అలసితివి కదా’ అని యోసేపు అంటాడు. నజరేతు వడ్రంగి ఏ భాషలో మాట్లాడాడో గాని, ఈ భాషలో మాట్లాడి ఉండడు. ‘ఇంకాస్త నడవగలవా మరియమ్మా, ఆ మలుపు తిరిగితే ఊరే’ అంటే పవిత్రతకు వచ్చిన లోపమేమిటి? బైబిలు గ్రాంథికం పెద్దలకు ప్రార్థనలో అలవాటైన భాష, దాని గాంభీర్యం దానికుంది. దాన్ని ఇంటి మాటల్లోకి దింపితే అటు గాంభీర్యమూ పోయింది, ఇటు సహజత్వమూ రాలేదు. కావలి ప్రాంతం నుంచి వచ్చిన మహమ్మద్ ఖదీర్‌బాబు 1999లో ‘దర్గామిట్ట కతలు’ ప్రచురించినప్పుడు, ఒక ముస్లిం పిల్లవాడి ఇల్లు, పండుగ, అమ్మ, నాయన అన్నీ నెల్లూరు మాటల్లో ఎంత నిండుగా పలుకుతాయో లోకానికి తెలిసింది. ఆ పని క్రైస్తవ ఇంటికి, పిల్లల పుస్తకంలో ఇంకా జరగవలసి ఉంది.

జనసంఖ్య ఘట్టం మరొకటి. ఈ కథంతా రోము చక్రవర్తి ఔగుస్తు ఆజ్ఞతో మొదలవుతుంది. ఎవరి ఊరికి వాళ్ళు పోయి పేర్లు రాయించుకోవాలి. పేర్లు రాసేది పన్ను కోసం. నేను చూసిన పుస్తకాల్లో ఇది సగం పేజీ. రాజుగారు తన ప్రజలెందరో తెలుసుకోవాలనుకున్నారు, అంతే. ఇదేదో తిరునాళ్లకు జనాన్ని లెక్కించినట్టు! లెక్కలో పేరు రాయించుకోవడమంటే ఏమిటో తీరపు వాడలోని పిల్లకు చెప్పి చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలోకి రాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు గాని క్రైస్తవులకు సడలించలేదు. మన రాష్ట్రంలో వాళ్లను వెనుకబడిన తరగతుల ‘సి’ గ్రూపులో, ఒక శాతం కోటాలో పెట్టారు. అందుచేత ఎన్నో ఇళ్లలో పిల్లకు గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు. పేరు రాయించుకొనే గుమాస్తా ముందు తండ్రి ఎందుకు ఒక్క క్షణం తటపటాయిస్తాడో ఆ పిల్లకు తెలుసు. యోసేపు గుమాస్తా ముందు నిలబడ్డ ఘట్టాన్ని ఒక రోజు భాగంగా, పూర్తిగా రాస్తే, చదివే పిల్ల గొంతు తప్పక మారుతుంది. ఆ ఒక్క భాగం కోసమైనా ఈ పుస్తకాలు మళ్లీ రాయాలి.

ఇక అసలైన అభ్యంతరానికి వస్తాను. ఈ పుస్తకాలన్నీ డిసెంబరు 24 రాత్రో, 25 ఉదయమో పశువుల తొట్టి దగ్గర ఆగిపోతాయి. తూర్పు దేశపు జ్ఞానులు కూడా తొందరపడి అదే రాత్రి వచ్చేస్తారు. సువార్తలో వారి సంఖ్య ముగ్గురని లేదు. వాళ్ళు వచ్చేనాటికి మరియ, బిడ్డ ఒక ఇంట్లో ఉన్నారు. వాళ్ళ వెనకే హేరోదు సైనికులు వస్తారు. బేత్లెహేములో రెండేళ్ల లోపు మగపిల్లల్ని చంపుతారు. తల్లీ తండ్రీ బిడ్డను తీసుకొని రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోతారు. మత్తయి దృష్టిలో ఇది పుట్టుక కథలో విడదీయరాని భాగం. చర్చి పంచాంగంలో కూడా చనిపోయిన ఆ పిల్లల దినం డిసెంబరు 28, జ్ఞానుల దినం జనవరి 6. అంటే కథను 25న ఆపింది సువార్త కాదు, పంచాంగమూ కాదు, బహుమతుల వ్యాపారం. అంగడి మూసే రోజుకు కథ కూడా మూస్తారు.

ముందు కత్తిరింపు కూడా అటువంటిదే. బిడ్డ పుట్టకముందే మరియ ఒక పాట పాడుతుంది. సింహాసనాల మీది వాళ్ళు కిందికి దిగుతారని, ఆకలిగొన్నవాళ్ళ కడుపు నిండుతుందని, ధనవంతులు వట్టిచేతులతో పోతారని ఆ పల్లెపిల్ల పాట. పిల్లల పుస్తకాల్లో ఆమె తలవంచుకొని ‘సరే’ అనడం వరకు ఉంటుంది; పాట దగ్గరకు వచ్చేసరికి ‘దేవుని స్తుతించింది’ అని ఒక వాక్యంలో సరిపెడతారు. ఏమని స్తుతించింది? అవ్వ అడిగితే పిల్ల ఏం చెప్పాలి?

పాట లేక, పన్ను లేక, హేరోదు లేక మిగిలేది అందమైన కాన్పు కథ. ఎంగెల్సు తన చివరి రోజుల్లో, 1894లో, తొలి క్రైస్తవాన్ని అణగారిన వాళ్ళ ఉద్యమంగా చూస్తూ ఆధునిక కార్మికోద్యమంతో పోల్చి వ్యాసం రాశాడు. పోలిక ఎంతవరకు చెల్లుతుందో చరిత్రకారులు తేల్చుకోనీ. అటువంటి పోలికకు తావిచ్చిన సరుకు సువార్త కథలో ఉందన్నది మాత్రం స్పష్టం; దాన్ని ఏరి పారేసింది పిల్లల పుస్తకమే.

పిల్లలకు హింస ఎందుకు, భయపడతారు కదా అని సంపాదకులు అంటారు. ఏ పిల్లలు? 2004 డిసెంబరు 26 ఆదివారం. పండుగ ముగిసిన మర్నాటి ఉదయమే సునామీ ఈ తీరాన్ని తాకింది. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా చనిపోయారు. వలలు, పడవలు పోగొట్టుకున్న కుప్పాలు ఎన్నో. 2015 నవంబరు వరదలు, 2021 నవంబరులో పెన్నా వరద. 2023లో ఆగమన కాలం డిసెంబరు 3న మొదలైంది. రెండు రోజులకే, 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరు తీరం అంతకుముందే వానలో నానిపోయింది. ఈ తీరంలో డిసెంబరు ఎదురుచూపు అంటే మొదట తుపాను హెచ్చరిక కోసం ఎదురుచూపు. బడిలో తెరిచిన సహాయ కేంద్రంలో బెంచీల మీద రాత్రి గడపడం ఈ పిల్లలకు తెలుసు. మూట కట్టుకొని చీకట్లో బయలుదేరడమంటే ఏమిటో తెలుసు. ఐగుప్తుకు పారిపోయిన రాత్రి వాళ్ళకు భయం కలిగించదు. తమకు జరిగినట్టే ఆ బిడ్డకూ జరిగిందని చెబుతుంది. భయపడేది మేడమీద ఇంట్లో పిల్లల తల్లిదండ్రులు. వాళ్ళ కోసం కత్తిరించిన పుస్తకమే అందరికీ పంచుతున్నారు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. పేదపిల్లల బాధను పండుగ అలంకారం చేసుకొనే అలవాటు క్రిస్మసు కథలకు పాతది. అండర్సన్ అగ్గిపెట్టెల పిల్ల 1845 నుంచి ప్రతి ఏటా చలికి చచ్చిపోతూనే ఉంది. పాఠకుడు కన్నీళ్ళు తుడుచుకొని భోజనానికి లేస్తున్నాడు. గోర్కీ దీన్ని చూసి విసిగి 1894లో, చలికి చనిపోని ఒక పిల్లవాడూ ఒక పిల్లా అన్న పేరుతోనే కథ రాశాడు. ఆ ఇద్దరూ అడుక్కుంటారు, అబద్ధాలాడతారు, దక్కిన డబ్బుతో కడుపు నింపుకుంటారు, బతుకుతారు. సునామీని, తుపానును తెచ్చి పుస్తకంలో పెట్టమని నేనంటే, అగ్గిపెట్టెల పిల్లను మైపాడులో నిలబెట్టమని కాదు. గోర్కీ పిల్లల్ని నిలబెట్టమని.

మనం రాయడమేమిటి, అది చర్చివాళ్ళ పని అనే మిత్రులు ఉన్నారు. జాషువా ‘క్రీస్తు చరిత్ర’ రాస్తే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చింది, మనమూ గౌరవించాం. పద్యకావ్యం కనుక సాహిత్యం, పిల్లల వచనం కనుక ప్రచారం అన్న విభజన ఎక్కడిది? విశ్వాసం ఉన్నవాడు దాన్ని దేవుని కథగా చదువుతాడు, లేనివాడు మనుషుల కథగా చదువుతాడు. పన్ను, సత్రం, సైనికులు ఇద్దరికీ ఒకటే. విశ్వాసుల్లోనే ఇటువంటి పుస్తకం కోసం వెతుకుతున్న ఉపాధ్యాయులు ఉన్నారు. వాళ్ళతో కలిసి కూర్చొని రాయడానికి మనకు అభ్యంతరం ఉండకూడదు. వాళ్ళు బైబిలులో మనం చేసే పొరపాట్లు దిద్దుతారు, మనం వాళ్ళ తెలుగు దిద్దుదాం.

రాయబోయేవారికి కొన్ని పని మాటలు. భాగాలు ఇరవైఅయిదు కాదు, జనవరి 6 దాకా ముప్పయిఏడు కావాలి. పండుగ బట్టలు మాసిన తరువాత చదవవలసిన ఆ పన్నెండు భాగాలే గట్టిగా ఉండాలి. ఒక్కో భాగం రెండు పేజీలు మించకూడదు. చదివే పిల్ల మరునాడు బడికి పోవాలి, వినే తల్లి నాట్లకు పోవాలి. అచ్చు పెద్దది ఉండాలి, గాలివానకు కరెంటు పోయే నెల ఇది. ప్రతి భాగంలో ఒకచోట పిల్ల చదవడం ఆపి అవ్వను ఒక మాట అడగాలి: నీ చిన్నప్పుడు తుపానుకు మీరు యాడికి పోయినారు, పేరు రాయించుకోడానికి వచ్చినాయన ఏమడిగినాడు, కాన్పుకు మంత్రసాని ఎవరు వచ్చింది. అవ్వ చెప్పినది రాసుకోవడానికి కింద నాలుగు గీతలు ఖాళీగా వదలాలి. డిసెంబరు 28 భాగంలో మాత్రం ప్రశ్న ఉండనక్కరలేదు.